వ్యోమయాత్రికుని కవచము

మార్కాపురము పేరు విన్నంతనే పలక జ్ఞాపకమునకు వచ్చును. ఆ ఊరి పరిసరములందు భూమిలో పొరలు పొరలుగా నల్లని రాయి దొరకును. దానిని త్రవ్వి తీసి, చీల్చి, కోసి, చుట్టును చట్రము బిగించి చేసిన పలకలపై ఎన్నియో తరముల బాలబాలికలు ఓనమాలు దిద్దిరి. నేడు పలకల వాడుక తగ్గినను ఆ రాయి ఇండ్ల నేలలకును గోడలకును ఉపయోగపడుచునే యున్నది. రాయి ఎండకు అడ్డమగును, గాలివానకు అడ్డమగును. కాని కంటికి కనబడని వాన యొకటి కలదు. అది పగలనక రేయనక, వేసవి యనక శీతకాల మనక, అన్ని దిక్కులనుండియు కురియుచుండును. గొడుగు దానిని ఆపలేదు. ఇంటికప్పును పూర్తిగా ఆపలేదు. అది విశ్వకిరణముల వాన. భూమిపై నివసించు మనకు దానివలన కలుగు కీడు మిక్కిలి స్వల్పము. భూమిని విడిచి అంతరిక్షమునకు పోవు యాత్రికునకు మాత్రము అది బలవంతుడైన శత్రువు. ఆ శత్రువు స్వభావ మెట్టిదో, దానినుండి యాత్రికుని కాపాడు ఉపాయము లెవ్వియో ఈ పాఠమున తెలిసికొందము.

ఈ వాన యున్నదని మొదట కనుగొన్నవాడు ఆస్ట్రియా దేశీయుడగు విక్టర్ హెస్. 1912వ సంవత్సరమున ఆయన పరికరములను వెంటగొని బెలూనులో అయిదు కిలోమీటర్లకు పైగా ఎగసెను. వికిరణము భూమిలోని ధాతువులనుండి మాత్రమే వచ్చునని అప్పటి పండితుల నమ్మకము. అట్లయినచో పైకి పోయినకొలది అది తగ్గిపోవలెను. హెస్ చూచినదానికి ఫలితము విపరీతముగా నుండెను. ఎత్తునకు పోయినకొలది వికిరణము హెచ్చెను. కావున అది పైనుండియే వచ్చుచున్నదని ఆయన నిశ్చయించెను. అందులకు 1936లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. మన తెలుగునాటను ఇట్టి పరిశోధన జరిగినది. 1969లో టాటా మౌలిక పరిశోధన సంస్థవారు హైదరాబాదునందు బెలూను కేంద్రమును నెలకొల్పిరి. అచ్చటినుండి మహాబెలూనులు పరికరములను మోసికొని, వాతావరణపు పైపొరలకు పోయి, ఆకాశమునుండి వచ్చు కిరణములను పరిశీలించినవి.

కిరణములని పిలుచుచున్నను విశ్వకిరణములు వెలుగువంటివి కావు. అవి పరమాణువుల ముక్కలు. అందు ఎక్కువ భాగము ఉదజని కేంద్రకములు, అనగా ప్రోటానులు. కొన్ని మాత్రము ఇనుము వంటి బరువైన మూలకముల కేంద్రకములు. ఇవి కాంతివేగమునకు దాపైన వేగముతో పరుగెత్తుచుండును. వ్యోమగామికి ఎదురగు వికిరణము మూడు విధములు. మొదటిది సూర్యమండలమునకు ఆవల, దూరపు నక్షత్రముల ప్రేలుడులనుండి వచ్చునది. ఇది జల్లువలె ఎల్లప్పుడును పడుచుండును. రెండవది సూర్యుని కల్లోలమువలన అప్పుడప్పుడు వెలువడునది. ఇది తుఫానువలె వచ్చి, కొన్ని గంటలో కొన్ని దినములో ఉండి పోవును. మూడవది భూమి అయస్కాంత క్షేత్రములో చిక్కుకొని, భూమి చుట్టును వలయములుగా నిలిచియున్నది. ఈ వలయములను 1958లో అమెరికావారి మొదటి ఉపగ్రహము తెలిపెను. ఆ పరిశోధనకు నాయకుడైన వాన్ అలెన్ పేరే వానికి పెట్టబడినది.

ఇంతటి వాన కురియుచుండగా మన మెట్లు సుఖముగా నున్నాము? మనకు రెండు కవచములు కలవు. ఒకటి గాలి, రెండవది అయస్కాంత క్షేత్రము.

గాలి తేలికయైనదని మనము తలతుము. కాని మన తలపై ఆకాశపు అంచువరకును నిలిచియున్న గాలి బరువు తక్కువ కాదు. ప్రతి చదరపు సెంటీమీటరుపైనను ఒక కిలోగ్రాము కంటె కొంచెము ఎక్కువ గాలి మోపియున్నది. మార్కాపురమునకును గిద్దలూరునకును నడుమ కంభము చెరువు కలదు. విజయనగరరాజుల కాలమున కొండల సందున గుండ్లకమ్మకు అడ్డముగా కట్ట పోసి నిర్మించిన చెరువది. అట్టి నీటిలో పది మీటర్ల లోతున మునిగినవానిపై ఎంత నీటి బరువుండునో, నేలపై నిలిచిన మనపై అంత గాలి బరువున్నది. ఆ రక్షణను రాతితో కొలువవలెనన్నను కొలువవచ్చును. పలకరాయి నీటికంటె సుమారు 2.7 రెట్లు బరువు. కావున మన గాలి కవచము సుమారు 3.7 మీటర్ల మందము గల పలకరాయికి సమానము. ఒక్కొక్క పలక మందము అర సెంటీమీటరు అనుకొన్నచో, ఒకదానిపై నొకటిగా 740 పలకలు పేర్చిన దొంతరకు అడుగున మనము కూర్చుండియున్నామన్నమాట. వ్యోమనౌక గోడలు ఇందులో స్వల్పభాగమునకైనను సరిపోవు. అంత బరువును రాకెట్టు మోయజాలదు.

రెండవ కవచము భూమియొక్క అయస్కాంత క్షేత్రము. ఆవేశము గల కణము ఆ క్షేత్రమున ప్రవేశించినపుడు దారి వంగిపోవును. బలము చాలని కణములు వెనుకకు మరలును, లేదా ధ్రువములవైపు త్రోయబడును. అయస్కాంత మధ్యరేఖకు సమీపమున ఈ కాపుదల మిక్కిలి గట్టిది. ఆ రేఖ దక్షిణ భారతముమీదుగా పోవుచున్నది. కావున మన నెత్తిపైనున్న ఆకాశము ఈ విషయమున లోకములోని మంచి కావలి గల ప్రదేశములలో నొకటి. హైదరాబాదు బెలూను కేంద్రమునకు గల సౌకర్యములలో నిదియు నొకటి. అక్కరలేని కణములు తక్కువగా వచ్చుటచే దూరపు నక్షత్రముల కిరణములను పరికరములు స్పష్టముగా గుర్తింపగలవు.

ఇక ఈ వికిరణము చేయు కీడెట్టిది? మన దేహము కోట్లకొలది జీవకణములతో నిర్మితము. ప్రతి కణములోను వంశలక్షణములను మోయు సన్నని దారము వంటి పదార్థమున్నది. వేగముగా పోవు కేంద్రకము దానిని తాకినచో ఆ దారము తెగును. తెగినదానిని దేహము చాలవరకు బాగుచేసికొనును. ఎచ్చటనైనను తప్పుగా అతికినచో, అనేక సంవత్సరముల తరువాత అది పుట్టకురుపు, అనగా క్యాన్సరు, కావచ్చును. కంటికి శుక్లము పట్టవచ్చును. ఒక్కసారిగా ఎక్కువ వికిరణము తగిలినచో వాంతులు, నీరసము కలిగి, రక్తము చెడి ప్రాణమునకే ముప్పు రావచ్చును. 1969 మొదలుకొని చంద్రయాత్ర చేసిన అపోలో యాత్రికులలో పలువురు, చీకటిలో కన్నులు మూసికొన్నపుడును మెరుపులు మెరసినట్లు కనబడెనని చెప్పిరి. అవి వెలుగులు కావు. విశ్వకిరణములు వారి కన్నులగుండా దూసికొనిపోయిన గుర్తులు.

కొంచెము కొంచెముగా చేరు కీడును తెలిసికొనుటకు ఈ పడమటి సీమవారికి వేరొక ఉదాహరణము అక్కరలేదు. కనిగిరి, పొదిలి, మార్కాపురము ప్రాంతములందలి కొన్ని గ్రామములలో భూగర్భజలమున ఫ్లోరైడు అధికముగా నున్నది. ఆ నీరు ఒక చెంబెడు త్రాగినంతమాత్రమున ఎవరికిని ఏమియు కాదు. దాని రుచియు వేరుగా నుండదు. కాని ఏండ్లకొలది త్రాగినవారికి దంతములపై మచ్చలు పడును. ఎముకలు బిరుసెక్కి నడుము వంగును. కావుననే లీటరు నీటికి 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని హద్దు ఏర్పడినది. వికిరణము చేయు హాని వేరు విధమైనది. అయినను కనబడని దానిని కొలిచి, హద్దు పెట్టి, ఆ హద్దును పాటించుటయే రెండింటికిని మొదటి మందు.

వికిరణపు మోతాదును కొలుచుటకు స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడగు సీవర్టు పేర ఒక కొలమానము కలదు. అందు వేయవ వంతు మిల్లీసీవర్టు. భూమిపై నేల, గాలి, ఆకాశము అన్నింటివలన సగటు మనుష్యునకు సంవత్సరమునకు సుమారు 2.4 మిల్లీసీవర్టులు తగులును. వికిరణముతో పనిచేయు వారికి మన దేశమున సంవత్సరమునకు సగటున 20 మిల్లీసీవర్టులు హద్దు. భూమికి 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమున దినమునకు సుమారు అర మిల్లీసీవర్టు, ఒక్కొక్కపుడు అంతకంటె ఎక్కువయు తగులును. అనగా అచ్చటి యొక్క దినము ఇచ్చటి రెండున్నర నెలలకు సమానము.

ఇక రక్షణోపాయములను చూతము. మొదటి ఉపాయము కాలమును మితముగా నుంచుట. ఆంధ్రదేశమున జన్మించిన బండ్ల శిరీష 2021 జూలై 11వ తేదీన సుమారు 86 కిలోమీటర్ల ఎత్తునకు పోయి వచ్చెను. ఆమె అచ్చట నుండినది కొద్ది నిమిషములు మాత్రమే. ఆ స్వల్పకాలమున తగులు వికిరణము భయపడదగినది కాదు. హైదరాబాదునుండి అమెరికాకు వలసపోయిన తండ్రికి కుమారుడు రాజాచారి. ఆయన 2021 నవంబరులో నలుగురు యాత్రికుల బృందమునకు నాయకుడై అంతరిక్ష కేంద్రమునకు పోయి, 177 దినములు గడపి, 2022 మే నెలలో తిరిగివచ్చెను. అట్లు ఆరు నెలలు అచ్చట నివసించువారికి సాధారణముగా 80 మొదలు 160 మిల్లీసీవర్టుల వరకు తగులును. ఇద్దరును పోయినది ఆకాశమునకే. కాని నిమిషములకును నెలలకును గల భేదమే మోతాదులోని భేదము. కావుననే ప్రతి యాత్రికుని వెంటను మోతాదు కొలుచు చిన్న పరికరముండును. జీవితకాలమున అతనికి తగిలిన మొత్తము లెక్క వ్రాసి యుంచబడును. అమెరికా అంతరిక్ష సంస్థవారు 2022లో ఈ జీవితకాలపు హద్దును 600 మిల్లీసీవర్టులుగా నిర్ణయించిరి. పూర్వము ఈ హద్దు వయస్సునుబట్టియు, స్త్రీపురుష భేదమునుబట్టియు మారుచుండెడిది. స్త్రీలకు హద్దు తక్కువగా నుండుటచే వారికి దీర్ఘయాత్రలు చేయు అవకాశము తగ్గుచుండెను. ఇప్పుడు అందరికిని ఒక్కటే హద్దు.

రెండవ ఉపాయము అడ్డుగోడ. గోడ యనగానే సీసము వంటి బరువైన లోహము మేలని మనకు తోచును. వైద్యశాలలో ఎక్స్ కిరణములను సీసము ఆపుట మన మెరుగుదుము. కాని విశ్వకిరణముల విషయమున ఆ తలంపు చెల్లదు. రాతిగనిలో సమ్మెటతో బండను కొట్టినపుడు చూడుడు. దెబ్బ బండకు తగులును. కాని చితికిన పెళ్ళలు ఎగిరి ప్రక్కవారికి గాయము చేయును. అట్లే మహావేగముతో వచ్చు కణము సీసము వంటి పెద్ద కేంద్రకమును కొట్టినపుడు, అది చితికి, న్యూట్రానులు మొదలగు పెళ్ళలు లోపలికి చిమ్మును. వచ్చిన శత్రువు ఒక్కడు. లోపల ప్రవేశించినవారు పలువురు. ఉదజని కేంద్రకమో ఒకే ప్రోటాను; చితికి పెళ్ళలగుటకు అందేమియు లేదు. పైగా సమానమైన బరువు గల పదార్థములలో ఉదజని ఎక్కువగా నున్నదే కిరణముల వేగమును బాగుగా తగ్గించును. కావున ఉదజని సమృద్ధిగా గల నీరు, పాలిథీను వంటి తేలిక పదార్థములే వ్యోమనౌకకు మేలైన గోడలు. మనము సంచులకు వాడు పాలిథీనే దట్టమైన ఫలకములై అంతరిక్ష కేంద్రమున యాత్రికులు నిద్రించు గదులకు కవచముగా అమర్చబడినది. త్రాగు నీటిని, ఆహారపు మూటలను గోడలవెంబడి పేర్చుటయు నొక యుక్తి. ఏలయన వానిని ఎట్లును మోసికొనిపోవలసినదే. మోసినదానితోనే రెండు పనులు జరుగును.

మూడవ ఉపాయము ముందుగా హెచ్చరిక పొందుట. ఒంగోలు తీరమున తుఫాను హెచ్చరిక వచ్చినపుడు జాలరులు పడవలను ఒడ్డునకు చేర్చి, గట్టి కట్టడములలో తలదాచుకొందురు. సౌరతుఫాను విషయమునను అట్లే చేయవలెను. 1972 ఏప్రిలులో అపోలో 16 చంద్రునినుండి తిరిగివచ్చెను. అదే సంవత్సరము డిసెంబరులో అపోలో 17 బయలుదేరెను. ఆ రెండింటి నడుమ ఆగస్టు మొదటి వారమున సూర్యునినుండి మహాభయంకరమైన కణముల తుఫాను వెలువడెను. ఆ దినములలో చంద్రునిపై పలుచని దుస్తులతో ఎవరైనను నడచుచుండినచో వారికి తీవ్రమైన వ్యాధి కలిగి యుండెడిది. ఎవరును లేకపోవుట అదృష్టము. కాని అదృష్టమును నమ్ముకొని యాత్రలు చేయరాదు. 2003 అక్టోబరులో సౌరతుఫాను వచ్చినపుడు అంతరిక్ష కేంద్రమందలి ఇద్దరు యాత్రికులును దట్టమైన గోడలు గల భాగమునకు పోయి తలదాచుకొనిరి. చంద్రయాత్రకై నిర్మించిన ఒరాయను నౌకలో, తుఫాను వచ్చినపుడు సామాను మూటలనన్నిటిని తమ చుట్టును పేర్చికొని, యాత్రికులు నడుమ కూర్చుండునట్లు ఏర్పాటు చేయబడినది.

హెచ్చరిక యీయవలెనన్నచో సూర్యుని రేయింబవళ్ళు కనిపెట్టి చూడవలెను. మన శ్రీహరికోటనుండి 2023 సెప్టెంబరు 2వ తేదీన ఆదిత్య–ఎల్1 అను నౌక బయలుదేరెను. అది భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరమున నిలిచి, 2024 జనవరి మొదలుకొని సూర్యుని చూచుచున్నది. సూర్యునిపై మంట లేచినచో దాని వెలుగు మనకు ఎనిమిది నిమిషములకు పైచిలుకు కాలమున చేరును. హాని చేయు కణములలో అధికభాగము అటుపిమ్మట వచ్చును. ఈ నడిమి కాలమే యాత్రికులు తలదాచుకొనుటకు దొరకు గడువు. అంతకుముందే, 2008లో శ్రీహరికోటనుండి చంద్రునికి పోయిన చంద్రయాన్–1 నౌకలో బల్గేరియా శాస్త్రజ్ఞులు చేసిన పరికరమొకటి త్రోవలోను, చంద్రుని చుట్టును గల వికిరణపు మోతాదును కొలిచెను. మనుష్యులు పోవుటకు ముందు త్రోవను కొలుచుట వివేకుల లక్షణము కదా!

అదే వివేకముతో 2022 నవంబరు, డిసెంబరు నెలలలో అమెరికావారు మనుష్యులు లేని ఆర్టెమిస్–1 నౌకను చంద్రుని చుట్టును త్రిప్పి తెచ్చిరి. అందు హెల్గా, జోహార్ అను రెండు స్త్రీబొమ్మలు కూర్చుండబెట్టబడెను. మనుష్యదేహమువలె ఎముకలకును మాంసమునకును తగిన పదార్థములతో చేసిన ఆ బొమ్మలలో వేలకొలది కొలత పరికరములు అమర్చబడెను. జోహారుకు పాలిథీనుతో చేసిన కవచపు చొక్కాయి తొడిగిరి, హెల్గాకు తొడుగలేదు. రెండింటి కొలతలను పోల్చి, చొక్కాయివలన ఎంత మేలు కలుగునో తెలిసికొనుట వారి యుద్దేశము. ఎముకల మూలుగ, ఉదరము మొదలగు సుకుమారమైన భాగములను కప్పుటకే ఆ చొక్కాయి కుట్టబడినది.

ఇన్ని ఉపాయములున్నను కుజయాత్రకు అవి ఇంకను చాలకున్నవి. 2011–12 సంవత్సరములలో క్యూరియాసిటీ అను యంత్రము కుజునికి పోవుచు, త్రోవలో దినమునకు సుమారు 1.8 మిల్లీసీవర్టుల మోతాదు కలదని కొలిచెను. పోవుటకును వచ్చుటకును 360 దినములు పట్టినచో సుమారు 650 మిల్లీసీవర్టులగును. కుజుని నేలపై దినమునకు సుమారు 0.64 చొప్పున 500 దినములుండినచో మరియొక 320 చేరును. మొత్తము 970. జీవితకాలపు హద్దు 600 మాత్రమే. ఈ కూడికను పలకపై వ్రాసి చూచిన బాలునకైనను చిక్కు తెలియగలదు. గోడలను దట్టము చేయుదమన్న బరువు పెరుగును. పైగా నక్షత్రములనుండి వచ్చు కణములు మహాబలము గలవి. తెలుగు కార్మికు లనేకులు పనిచేసిన కోలారు బంగారు గనులలో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, 1960 ప్రాంతపు సంవత్సరములలో శాస్త్రజ్ఞులు పరికరము లుంచి చూచిరి. అంత రాతిని చీల్చుకొని కూడ విశ్వకిరణములవలన పుట్టిన కణములు కొన్ని అచ్చటికి చేరుచుండెను. కావున శత్రువును పూర్తిగా ఆపుట కాక, మోతాదును తగ్గించుటయే సాధ్యమైన పని. ప్రయాణకాలమును తగ్గించు వేగవంతమైన రాకెట్లు, నౌక చుట్టును కృత్రిమముగా అయస్కాంత క్షేత్రమును కల్పించుట, చంద్రునిపైనను కుజునిపైనను కొన్ని మీటర్ల మట్టిక్రింద నివాసములు కట్టుకొనుట మున్నగు మార్గములను శాస్త్రజ్ఞులు పరిశీలించుచున్నారు.

విద్యార్థులారా! అంతరిక్షయాత్ర యనగా సాహసమని మనము పొగడుదుము. ఆ పొగడ్త సత్యమే. కాని సాహసవంతుని వెనుక, అతనికి తగులు మోతాదును దినదినము లెక్కవేయువారు, గోడకు తగిన పదార్థమును వెదకువారు, సూర్యుని కనిపెట్టి హెచ్చరించువారు ఎందరో కలరు. వారు చాలునని చెప్పినపుడు యాత్రికుడు ఆగవలెను. హద్దును దాటుట ధైర్యము కాదు. యాత్రికుని పంపుట ఎంత గొప్పయో, ఆరోగ్యముతో తిరిగి ఇంటికి తెచ్చుట అంతకంటె గొప్ప. గనిలో పనివాని విషయమునను, ఫ్లోరైడు గ్రామమున నీరు త్రాగు శిశువు విషయమునను ఈ ధర్మ మొక్కటియే. కుజునికి సురక్షితముగా పోవు మార్గము ఇంకను దొరకలేదు. దానిని కనుగొనువారు నేడు ఏదో యొక పాఠశాలలో కూడికలు నేర్చుకొనుచుండవచ్చును.

ప్రశ్నలు

1. వికిరణము పైనుండి వచ్చుచున్నదని హెస్ ఎట్లు నిశ్చయించెను?
2. భూమిపై మనలను కాపాడు రెండు కవచము లెవ్వి? గాలి కవచమును పలకరాయితో ఎట్లు పోల్చవచ్చును?
3. వ్యోమనౌకకు సీసముకంటె పాలిథీను మేలైన కవచమగుటకు కారణమేమి?
4. సౌరతుఫాను వచ్చినపుడు యాత్రికులు చేయవలసిన పని యేది? హెచ్చరిక ఎట్లు లభించును?
5. యాత్రికుడు కుజుని నేలపై 500 దినములకు బదులు 30 దినములు మాత్రమే యుండినచో మొత్తము మోతాదు ఎంత యగును? అది హద్దునకు లోబడియుండునా? లెక్కించి వ్రాయుము.
6. "హద్దును దాటుట ధైర్యము కాదు" — ఈ మాటను మీ గ్రామమందలి యొక ఉదాహరణముతో వివరింపుము.